నిలబడి ఉన్న వంతెనకు సంతాపం

గౌరవ శాసనసభ్యులు నివాళి గారు మూడుసార్లు గెలిచి కూడా సభలో ఒక్క ప్రశ్న అడగలేదని ప్రత్యర్థులు చేస్తున్న ప్రచారంలో రవ్వంత కూడా అబద్ధం లేదు. ఆయన అడగలేదు. అడగాలని ఆయనకు గాని, అడిగించుకోవాలని సభకు గాని, అడగమని చెప్పాలని నియోజకవర్గానికి గాని తోచలేదు. మూడు పక్షాల మధ్య ఇంతటి ఏకాభిప్రాయం ఉన్నచోట ప్రజాస్వామ్యం మూడు పువ్వులూ ఆరు కాయలుగా వర్ధిల్లుతున్నదనే చెప్పాలి.

అలాగని ఆయన మూగవారని ఎవరూ అనుకోకూడదు. ఆ సభలో ఒక మంచి ఆచారం ఉంది. మాజీ సభ్యులెవరైనా కన్నుమూస్తే, ఆ రోజు మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు సంతాప తీర్మానం తీసుకుంటారు. ఒకరు లేచి పోయినవారి గుణగణాలు వర్ణిస్తారు. తర్వాత అందరూ లేచి, తలలు వంచి, రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఆ వెంటనే సభ వాయిదా పడుతుంది. ఆ రోజు చిక్కు ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన మంత్రులు పోయినవారి పట్ల చూపే కృతజ్ఞత కళ్ళారా చూడవలసిందే గాని చెప్పనలవి కాదు.

నివాళి గారు మొదటిసారి గెలిచినప్పుడు ఆయన సీటు ఒక లావుపాటి స్తంభం వెనక ఉండేది. అక్కడినుంచి సభాపతి కనపడరు, సభాపతికి ఆయనా కనపడరు. ఇద్దరికీ అది సుఖంగానే ఉండేది. ఒకనాడు, ఏళ్ళ తరబడి సంతాప ప్రసంగాలు చేస్తూ వచ్చిన పెద్దాయన తానే పోయారు. ఆయన గురించి మాట్లాడేదెవరు? పార్టీ విప్ నాలుగువైపులా చూసి, స్తంభం వెనకనుంచి బయటికి కనిపిస్తున్న ఒక మోచేతిని పట్టుకుని లేపాడు. లేచిన మనిషి ఏడు నిమిషాలు మాట్లాడాడు. సభ గొల్లుమంది. పోయిన పెద్దాయన మీద పొలం గట్టు దావా నడుపుతున్న సభ్యుడు అందరికంటే ఎక్కువ ఏడ్చి, దావా మాత్రం మానుకోలేదు. ఆనాటినుంచి ఆయన నివాళి గారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎన్నికల చీటీ మీద తప్ప మరెక్కడా వాడుకలో లేదు.

రాజకీయ జీవితమంటే ఎక్కడాలూ దిగడాలూ ఉంటాయంటారు. నివాళి గారికి దిగడమన్నది లేదు. ప్రతి ఎన్నికలప్పుడూ పార్టీలో టిక్కెట్ల కోసం జుట్లు పట్టుకునేవారు. ఈయన పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గది నిశ్శబ్దమైపోయేది. కాదన్న నాయకుడు ఎప్పుడో ఒకప్పుడు పోక తప్పదు. ఆ రోజు లేచి మాట్లాడేది ఈయనే. టిక్కెట్టు ఇవ్వని మనిషి గురించి ఏం మాట్లాడతాడో ఎవరు చూడవచ్చారు? ప్రత్యర్థి పార్టీవారు కూడా ఆయన మీద కాస్త మెతక మనిషినే నిలబెట్టేవారు. వాళ్ళకూ వయసు మీదపడుతోంది.

వృద్ధ నాయకులు ఆయనను భోజనానికి పిలిచి, పాత ఫొటోలు చూపించి, తాము చేసిన త్యాగాలు చెప్పి, మర్చిపోతారేమోనని మళ్ళీ చెప్పేవారు. ఒకాయన మరీ పట్టుబట్టి, పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని పడుకుని, తన సంతాప ప్రసంగం ముందుగానే పూర్తిగా చెప్పించుకున్నారు. విని కన్నీరుమున్నీరై, రెండుచోట్ల సవరణలు సూచించారు. ఆయన ఇంకా నిక్షేపంలా ఉన్నారు. ఇంత చెప్పించుకున్నాక కూడా అలా ఉండిపోవడం పద్ధతి కాదని పార్టీలో అభిప్రాయం.

ఇదంతా నటనేనని గిట్టనివాళ్ళు అంటారు. ఆ మాట తప్పు. నివాళి గారి కన్నీళ్ళు నికార్సయినవి. అసలు చిక్కంతా అక్కడే ఉంది. బతికున్న మనిషి కళ్ళల్లోకి చూడాలంటే ఆయనకు చిన్నప్పటినుంచీ భయం. బతికున్న కళ్ళు ఏదో ఒకటి అడుగుతాయి. పోయినవాళ్ళ కళ్ళు ఏమీ అడగవు. చూస్తూ ఊరుకుంటాయి. అందుకని ఎవరైనా ఎదురుగా వచ్చి కూర్చుంటే ఆయన వాళ్ళ ముఖం చుట్టూ మనసులోనే ఒక చెక్క చట్రం గీసి, అద్దం బిగించేవారు. అద్దం బిగిసిన మరుక్షణం ఎదుటి మనిషి మీద కొండంత ప్రేమ పొంగుకొచ్చేది. అర్జీ పట్టుకొచ్చినవాళ్ళు, 'పని కాకపోతేనేం, ఎంత ఆప్యాయంగా చూశారు!' అనుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఈ అలవాటు సంగతి ఆయనకు తెలుసు. ఒంటరిగా కూర్చున్నప్పుడు దాన్ని నోట్లో పుచ్చిపన్నును నాలుకతో తడుముకున్నట్టు తడుముకునేవారు. పీకించుకుందామని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

ఆయన భార్యకు ఇది మరోలా తెలుసు.

"ఏంటండీ అలా చూస్తున్నారు?" అనేది ఆవిడ, ఆయన ఎప్పుడైనా ప్రేమగా చూస్తే. "మొన్న చేయించిన రక్తపరీక్షలో ఏమన్నా వచ్చిందా? నాకు చెప్పకుండా దాస్తున్నారా?"

చట్రంలో ఇమడని మనిషి లోకంలో ఒక్కతే. అది ఆయన అక్క. తల్లీ తండ్రీ వెంటవెంటనే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. నది అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రిలో పెద్ద నర్సు. ఆవిడ ముఖం చుట్టూ చట్రం గీయడానికి ఆయన ఎన్నోసార్లు ప్రయత్నించారు. నాలుగో మూల కలిసేలోపల ఆవిడ లేచి కిటికీ తలుపు వేయడానికో, ఎవరినో కసురుకోవడానికో వెళ్ళిపోయేది.

ఆ అక్క ఒకరోజు పొద్దున్నే ఆయన ఆఫీసు గదికి వచ్చింది. వెంట రొట్టెల సైకిలతను కూడా ఉన్నాడు. రోజూ తెల్లవారేసరికి వెనక క్యారియరు మీద రొట్టెల పెట్టె కట్టుకుని ఈ ఒడ్డునుంచి ఆసుపత్రికి తీసుకుపోయే మనిషి. గదిలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా గోడలనిండా దివంగత సభ్యుల ఫొటోలు. రొట్టెలతను చెప్పులు బయటే విడిచి, ఒక్కొక్క ఫొటోకీ దణ్ణం పెట్టుకుంటూ వచ్చి, చివర్లో నివాళి గారికి కూడా అదే ఊపులో పెట్టేశాడు.

"ఒరే తమ్ముడూ, మన వంతెన ఎప్పుడైనా దాటావా?" అంది అక్క, కూర్చోకుండానే.

"దాటుతూనే ఉంటాను కదక్కా."

"కారులో అద్దాలెత్తుకుని దాటడం కాదు. నడిచి చూడు. ఐదో స్తంభం మీదికి వచ్చేసరికి ఊడబోయే పన్నులా కదులుతోంది. ఒకవైపు పిట్టగోడ ఎప్పుడో నదిలో పడింది. దానికి బదులు తాడు కట్టారు. ఆ తాడు మీద ఎవరో బట్టలారేసుకుంటున్నారు."

"నా సైకిలుకి బెల్లు కొట్టే పని తప్పింది బాబూ," అన్నాడు రొట్టెలతను నవ్వుతూ. "లారీ ఎక్కిందంటే వంతెనే కొట్టేస్తోంది."

"భారీ వాహనాలు నిషేధమని బోర్డు పెట్టించాను కదా," అన్నారు నివాళి గారు.

"పెట్టించావు. ఆ బోర్డు మీదికి లారీ ఎక్కింది," అంది అక్క. "సభలో లేచి ఒక్క ప్రశ్న అడుగు. ఈ వంతెన బాగుచేస్తారా, చేయరా? అంతే."

నివాళి గారు బల్ల మీది కాగితాలు సర్దారు. "ప్రశ్నలు అడగడం నాకు అలవాటు లేదక్కా."

"అన్నం తినడమూ అలవాటు లేదు నీకు, చిన్నప్పుడు. ముక్కు మూసి తినిపించలేదూ? ఏదీ, నా కళ్ళల్లోకి చూసి చెప్పు, అడుగుతానని."

ఆయన చూశారు.

"ఎక్కడ చూస్తున్నావురా? నా నెత్తిమీద ఏముంది? నేనిక్కడున్నాను!"

"అడుగుతానక్కా," అన్నారు ఆయన, బల్లవైపు చూస్తూ.

వెళ్తూ వెళ్తూ రొట్టెలతను గుమ్మంలో ఆగాడు. "నివాళి బాబూ, నేను పోయినప్పుడు మీరు నాగురించి చెబితే ఊరు ఊరంతా ఏడుస్తుందని నాకు తెలుసు. నాకంత తొందర లేదు. ముందు ఆ స్తంభం సంగతి చూడండి."

అతను అలా నవ్వుతుండగానే నివాళి గారి మనసులో అతని ముఖం చుట్టూ చట్రం బిగుసుకుపోయింది. ఆయన గుండె కరిగిపోయింది. ఎంత మంచి మనిషి, అనుకున్నారు.

ప్రశ్నోత్తరాల సమయంలో నివాళి గారు లేచి నిలబడిన రోజు ఆ సభ చరిత్రలో మరువరానిది. ఆయన ఒకే ఒక్క కారణానికి లేస్తారని బంట్రోతు దగ్గరనుంచి సభాపతి దాకా అందరికీ తెలుసు. కాబట్టి ఆయన లేవగానే గుసగుసలు ఆగిపోయాయి. మంత్రులు కాగితాలు మూశారు. ఎవరు పోయారో తెలియని సభ్యులు తెలిసినట్టు నిట్టూర్చారు. పడక్కుర్చీ పెద్దాయనే అయి ఉంటారని ముందు వరుసలో ఒకరు తల పంకించారు.

"అధ్యక్షా," అన్నారు నివాళి గారు. "మా నది మీద ఒక వంతెన ఉంది."

అనేలోపల సభలో సగం తలలు వంగాయి.

ఆయన అడగాలనే లేచారు. ఆ మాట ఆయన నాలుక చివరనే ఉంది. బాగుచేస్తారా, చేయరా? కాని ఎదురుగా ఒక్క జత కళ్ళు లేవు. వంగిన తలలు, తెల్లటి పాపిళ్ళు, కట్టుకున్న చేతులు. ఆయనకు తెలిసిన లోకమదే. అందులో ఆయనకు భయం వేయదు. గుండెలోంచి ఆ పాత వెచ్చదనం పైకి పాకింది. తప్పుదారిలో పోతున్నానని ఆయనకు తెలుస్తూనే ఉంది. జారుడుబల్ల మీద సగం దూరం జారిన పిల్లవాడికి కూడా కిందపడతానని తెలుస్తూనే ఉంటుంది. అయినా ఆ జారడం ఎంత హాయి!

"అది నిరాడంబరమైన వంతెన," అన్నారు ఆయన. "ఎండకు ఎండింది, వానకు తడిసింది. తన వీపు మీదినుంచి ఎవరు నడిచారని ఏనాడూ అడగలేదు. పేదా గొప్పా తేడా చూపలేదు. ఒంటినిండా పగుళ్ళు వచ్చినా నోరు విప్పి తన బాధ ఒకరికి చెప్పుకోలేదు. అధ్యక్షా, అలాంటి వంతెనలు ఇక పుట్టవు!"

సభ గొల్లుమంది. సభాపతి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని లేచారు. అందరూ లేచారు. రెండు నిమిషాలు గడిచాయి. సభ మర్నాటికి వాయిదా పడింది. ఆ రోజు సిమెంటు కొనుగోళ్ళ మీద జవాబు చెప్పవలసిన వంతెనల శాఖ మంత్రి గబగబా వచ్చి నివాళి గారిని కౌగిలించుకుని, చాలాసేపు వదలలేదు.

సంతాపం తెలిపాక జరగవలసినవన్నీ ఒక పద్ధతి ప్రకారం జరిగాయి. సభ నివాళి అర్పించింది కాబట్టి ఆ వంతెన దివంగతమైనట్టే భావించాలనీ, పోయినదానికి మరమ్మతు చేయడం సభను అవమానించడమే అవుతుందనీ శాఖ న్యాయసలహా తీసుకుంది. మరమ్మతుకు ఉద్దేశించిన సిమెంటును వంతెన మొదట్లో ఒక స్మారక ఫలకం కట్టడానికి మళ్ళించారు. నల్లరాతి మీద బంగారు అక్షరాలతో నివాళి గారి ప్రసంగం చెక్కించారు. ఆవిష్కరణ రోజున జనం పట్టక వంతెన పొడుగునా నిలబడ్డారు.

"సోదరులారా!" అన్నారు మంత్రి. "ఈ వంతెన ఇప్పుడు మన మధ్య లేదు. అది మన నుంచి భౌతికంగా దూరమైంది. కాని దాని ఆశయాలు శాశ్వతం!"

వంతెన మీద నిలబడ్డవారు చప్పట్లు కొట్టారు. చప్పట్లకు వంతెన కొంచెం ఊగింది. పోయినా ఎంత స్పందిస్తోందోనని పెద్దలు కళ్ళు తుడుచుకున్నారు.

ఆపైన ఊళ్ళో మరమ్మతు మాట ఎవరూ ఎత్తలేదు. పోయినవాళ్ళ లోపాలు ఎంచకూడదు కదా. జనం పొద్దున్నే వచ్చి, ఫలకం ముందు ఆగి, బంగారు అక్షరాలు కూడబలుక్కుని చదివి, నిట్టూర్చి, వంతెన మీదినుంచి పనికి వెళ్ళేవాళ్ళు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు నిట్టూర్చేవాళ్ళు కాదు. ఫలకానికి అటువైపు అక్షరాలు లేవు.

"అది పోయిందని సభలో తేల్చేశారటగా?" అంది అక్క, తమ్ముడి ఆఫీసులోకి వచ్చి. "మరి పొద్దున నేను దేని మీద నడిచి డ్యూటీకి వెళ్ళానురా? గాలి మీదనా?"

నివాళి గారు సిగ్గుపడ్డారు. ఆయన సిగ్గు కూడా కన్నీళ్ళంత నికార్సయినదే. ఆ సిగ్గు తడి ఆరకముందే సభాపతి గదికి వెళ్ళి, వంతెన ఇంకా నిలబడే ఉందని మనవి చేశారు.

"ఉండవచ్చునయ్యా," అన్నారు సభాపతి, దయగా. "కాని సభ మౌనం పాటించింది. మౌనం పాటించాక మళ్ళీ మాట్లాడితే ఇక మౌనానికి విలువేముంది?"

"కూలిపోతే ఎలాగండీ?"

సభాపతి నిబంధనల పుస్తకం తిరగేశారు. "అప్పుడు మాత్రం నేనేం చేయలేను. ఒకరికే రెండుసార్లు సంతాపం తెలిపే సంప్రదాయం మన సభలో లేదు."

మరుసటి ఎన్నికల్లో నివాళి గారు మునుపెన్నడూ లేనంత మెజారిటీతో గెలిచారు. ఊరి వంతెన కోసం సభ చేత కంటతడి పెట్టించిన నాయకుడు మరొకరు లేరని జనం చెప్పుకున్నారు. రొట్టెలతను కూడా ఆయనకే ఓటు వేశాడు. ఆ మాట అతనే చెప్పాడు, సైకిలు మీద వంతెన ఎక్కుతూ, బెల్లు దానంతటదే మోగుతుండగా.

వంతెన ఒక వానాకాలం పొద్దున కూలింది. ఐదో స్తంభం దగ్గరే. అప్పుడు దాని మీద పనికి వెళ్ళేవాళ్ళు, స్కూలు మాస్టర్లు, ఒక లారీ, ఒక రొట్టెల సైకిలు ఉన్నాయి. అక్క రాత్రి డ్యూటీ దిగి ఇంటికి బయలుదేరుతూ, ఎవరికో సెలైను సీసా అయిపోయిందంటే మార్చడానికి వెనక్కి వెళ్ళింది. అందుకని ఆవిడ వంతెన మీద కాకుండా ఒడ్డు మీద ఉంది. మధ్యాహ్నం దాకా మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, పైకి తెచ్చినవాళ్ళలో ఎవరికి ఊపిరి ఉందో, ఎవరికి లేదో చూసి చెబుతూనే ఉంది. రొట్టెలతనికి లేదు.

మంత్రి వెంటనే ప్రకటన విడుదల చేశారు. చాలాకాలం కిందటే దివంగతమైన వంతెన మీద ఎవరూ నడవడానికి వీలు లేదనీ, కాబట్టి శాఖ దృష్టిలో వారు నడవలేదనీ, నడవనివారు పడిపోవడం పట్ల ప్రభుత్వం తీవ్ర దిగ్భ్రాంతి చెందుతున్నదనీ అందులో ఉంది.

సంతాప సభ నది ఒడ్డున ఏర్పాటు చేశారు. వంతెన పోయినా ఫలకం చెక్కుచెదరలేదు. మంచి సిమెంటు. దాని పక్కనే మైకు పెట్టారు. మనిషి మీద మనిషి పడేంత జనం. కొందరు రుమాళ్ళు రెండేసి తెచ్చుకున్నారు.

నివాళి గారు లేచారు. అందరూ లేచారు. తలలు వంచారు.

ఆయన అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని రొట్టెలతని ముఖం గుర్తుచేసుకున్నారు. చట్రం ఎప్పుడో సిద్ధంగా ఉంది. అందులో ముఖమూ ఉంది. కాని ఆ ముఖం ఊరికే చూస్తూ ఉండలేదు. నవ్వింది. స్తంభం సంగతి ఏమైంది బాబూ అన్నట్టు కనుబొమ్మ ఎగరేసింది. పోయినవాళ్ళు అలా అడగడం నివాళి గారి అనుభవంలో అదే మొదటిసారి. గుండెలోంచి ఏ వెచ్చదనమూ రాలేదు. ఆయన భయపడి కళ్ళు తెరిచారు.

ఎదురుగా వంగిన తలలు. వాటి మధ్య వంగని తల ఒక్కటి. అక్క. నీళ్ళలో నానిన చీర కుచ్చిళ్ళ మీద బురద ఎండిపోయి ఉంది. ఆవిడ ఆయన వైపే చూస్తోంది. కదలకుండా నిలబడి ఉంది. చట్రం గీయాలంటే అంతకంటే మంచి అవకాశం రాదు. ఆయన గీయలేదు. అక్క కళ్ళల్లోకి చూశారు.

"ఐదో స్తంభం కదులుతోందని నాకు తెలుసు," అన్నారు నివాళి గారు మైకులో. "ఇంకా ఎవరెవరికి తెలుసు?"

ఎవరూ తల ఎత్తలేదు. మౌనం జరుగుతోంది.

"దాని మీద నడుస్తూ అది పోయిందంటే చప్పట్లు కొట్టింది ఎవరు? ఇటువైపు ఫలకం చదివి ఏడ్చి, అటువైపునుంచి అదే వంతెన మీద తిరిగొచ్చింది ఎవరు? నాకు మళ్ళీ ఓటెందుకు వేశారు?"

అంతమంది జనంలో ఒక్కరు దగ్గలేదు. ఆ క్రమశిక్షణను మర్నాడు పత్రికలు ప్రత్యేకంగా ప్రశంసించాయి. ఆయన ఇంకా అడుగుతూ ఉండగానే మైకు కుర్రాడు గడియారం చూసి, రెండు నిమిషాలు అయిందని సైగ చేసి, మైకు కట్టేశాడు. అందరూ హమ్మయ్య అని కూర్చుని, బట్టలు దులుపుకుని, ఇళ్ళకు బయలుదేరారు.

"ఈసారి ఎందుకో అంత పండలేదండీ," అంటున్నాడు ఒకతను, పొడి రుమాలు జేబులో పెట్టుకుంటూ.

"మధ్యలో ఏవేవో ప్రశ్నలు వేశాడేంటి, పోయిన మనుషుల దగ్గర?"

"వయసు మీదపడింది పాపం. ఒకప్పుడు ఎంత బాగా ఏడిపించేవాడు!"

పార్టీ పెద్దలు ఒకరివైపు ఒకరు చూసుకున్నారు. వచ్చేసారి టిక్కెట్టు ఎవరికి రాదో అక్కడే తేలిపోయింది. ఎవరూ భయపడలేదు.

అక్క బురద కాళ్ళతో దగ్గరికి వచ్చింది.

"బాగానే అడిగావురా," అంది.

"ఎవరూ జవాబు చెప్పలేదక్కా."

"మళ్ళీ అడుగు."

"ఎవర్నని అడగను? అందరూ వెళ్ళిపోయారు కదా."

అక్క చుట్టూ చూసింది. కుర్చీలు మడిచేవాళ్ళు మడుస్తున్నారు. దూరంగా నది తన పని తాను చేసుకుంటోంది. ఆవిడ మెల్లగా ఇటు తిరిగి, ఈ కాగితం వైపు చూసింది.

"అందరూ వెళ్ళలేదురా," అంది. "ఇంకా కొంతమంది ఉన్నారు."

వారు నిజంగానే ఉన్నారు. మొదటినుంచీ ఎంతో మర్యాదగా, తల వంచుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా చదువుతున్నారు.